ముసలి బక్ వెంట: విస్కాన్సిన్ కొండల్లో విల్లు వేట
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం విల్లు వేట మొత్తం గురించి చెప్పబోవడం లేదు. ఒకే ఒక జింక గురించి చెబుతాను. నైరుతి విస్కాన్సిన్ కొండల్లో, ఏదో ఒక పొలం చుట్టుపక్కల, ఐదారేళ్లు బతికి, ప్రతి సీజన్‌నూ తప్పించుకు తిరుగుతున్న ముసలి మగ తెల్లతోక జింక. ఇక్కడి వేటగాళ్లు బక్ అంటారు, మనమూ అలాగే అందాం. కనిపించిన ప్రతి జింక మీదా బాణం వేయకుండా, అలాంటి ఒక్కదాన్ని ఎంచుకుని రెండేళ్లో మూడేళ్లో దాని వెనకే తిరగాలనుకునేవాళ్ల కోసం ఈ మాటలు.

ముందు చట్టం సంగతి. ఇది అమెరికాలో చేసే పని. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పినైనా కృష్ణజింకనైనా వేటాడటం నేరం. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఈ సరదా అక్కడికి మోసుకెళ్లకండి. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సు కొనాలంటే సాధారణంగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై ఉండాలి. విల్లు లాగుడు బలం కనీసం 30 పౌండ్లు, బాణం మొన వెడల్పు కనీసం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు ఉండాలి. సొంత భూమి లేకపోతే రైతు అనుమతి కావాలి, లేదా ప్రభుత్వ భూమికి వెళ్లాలి. నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి రాష్ట్ర సహజ వనరుల శాఖ (డీఎన్‌ఆర్) పుస్తకాన్ని సెప్టెంబరుకు ముందే చదువుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. అడవిలో మనం ఎన్ని ఎక్కువ రోజులు కూర్చుంటే ఆ బక్ మనకు అంత దూరమవుతుంది. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఏడాదిన్నర వయసు బక్ మనిషి వాసన తగిలి పారిపోయినా రెండు రోజుల్లో అదే దారిన వస్తుంది. ఆరేళ్ల బక్ అలా రాదు. పగటిపూట ఆ దారి మానేస్తుంది, లేదా చీకటి పడ్డాక మాత్రమే వస్తుంది. అది ఊరు విడిచి ఎక్కడికీ పోదు. మనకు కనిపించడం మానేస్తుంది, అంతే. ఒక మంచె మీద మొదటిసారి కూర్చున్న రోజుకు ఉన్న విలువ నాలుగోసారి కూర్చున్న రోజుకు ఉండదు. అందుకే మంచి రోజు వచ్చేదాకా ఆ మంచెను ముట్టుకోకూడదు.

ముసలి బక్‌ను గుర్తుపట్టడం ఎలాగంటే, కొమ్ములు చూడకండి. కొమ్ములు తిండిని బట్టి, వంశాన్ని బట్టి పెరుగుతాయి. మూడేళ్ల జింకకూ పది శాఖలుండొచ్చు. ఒళ్లు చూడండి. అక్టోబరు చివర తీసిన ఫొటోలో మెడ నేరుగా రొమ్ములో కలిసిపోయి, వీపు కొద్దిగా వంగి, పొట్ట జారి, కాళ్లు ఒంటికి పొట్టిగా అనిపిస్తే అది ఐదేళ్లకు దగ్గర పడినట్టు. వెనక కాళ్ల మోకీళ్ల దగ్గర టార్సల్ గ్రంథులు నల్లగా మారి, ఆ మరక కిందికి కారినట్టు ఉంటుంది. కచ్చితమైన వయసు మాత్రం వేటాడాకే తెలుస్తుంది. దవడ పళ్ల అరుగుదల చూసి అంచనా వేస్తారు, పంటిని కోసి పొరలు లెక్కపెట్టే ల్యాబులూ ఉన్నాయి.

ఈ పని మొదలయ్యేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కొమ్ములు రాలిపోయే కాలం అది. దక్షిణం వైపు ఎండ తగిలే వాలుల్లో, కంచెలు దాటే చోట్ల, మొక్కజొన్న కోసిన పొలాల అంచుల్లో రాలిన కొమ్ములు దొరుకుతాయి. మన బక్ కొమ్ము దొరికిందంటే అది నవంబరు తుపాకీ సీజన్ దాటి బతికిందన్నమాట. ఏటా దొరికినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే మొదలు దగ్గర చుట్టుకొలత పెరగడం, శాఖల తీరు అలాగే ఉండటం కనిపిస్తాయి. పుర్రెతో సహా దొరికితే మాత్రం ముట్టుకోకుండా ముందు డీఎన్‌ఆర్‌ను అడగండి.

అదే నడకలో పడకలు వెతకాలి. ఆకులు మొలవక ముందు కొండ ఎముకల గూడులా తేటగా కనిపిస్తుంది. గట్టు కొసల్లో, శిఖరానికి కాస్త కిందగా, పై మూడో వంతులో చూడండి. చిన్నా పెద్దా పడకలు నాలుగైదు ఒకే చోట ఉంటే అది ఆడ జింకల కుటుంబం. ఒంటరిగా ఒక్కటే, నాలుగడుగుల పొడవున, పడిపోయిన దుంగకు ఆనుకుని, ఆకులు నేలకు అణిగిపోయి ఉంటే ఆగండి. వంగి చూస్తే ఆకుల్లో అంగుళం పైన పొడవున్న గుల్ల వెంట్రుకలు, మధ్యలో విరిచి చూస్తే పెళుసుగా విరిగేవి, దొరుకుతాయి. రెండు మూడు గజాల్లో చిన్న చెట్టుకు కొమ్ములు రుద్దిన గాయం ఉంటుంది. అందులో పాత గాయం మానిన మచ్చ పైన కొత్తది కనిపిస్తే ఏళ్ల తరబడి వాడుతున్న పడక అది. అక్కడ మీరే కూర్చోండి. బక్ కూర్చున్న ఎత్తులో తల పెట్టి చూడండి. ఏ దారి కనిపిస్తుందో, కారు ఆపే చోటు కనిపిస్తుందో లేదో అప్పుడు తెలుస్తుంది. మార్చిలో చేసిన ఈ చొరబాటును అది అక్టోబరుకు మర్చిపోతుంది. అక్టోబరులో చేస్తే ఆ సీజన్ మీద ఆశ వదులుకోవలసిందే.

పడక అక్కడే ఎందుకుందంటే, గాలి కోసం. ఇక్కడ ఎక్కువగా పడమటి గాలి, వాయవ్య గాలి. అవి గట్టు మీది నుంచి దాటి తూర్పు వాలు మీదికి దిగుతాయి. బక్ వీపు గాలికి పెట్టి, ముఖం లోయ వైపు పెట్టి పడుకుంటుంది. వెనక నుంచి వచ్చేవాణ్ని ముక్కు పట్టేస్తుంది, ముందు నుంచి వచ్చేవాణ్ని కళ్లు పట్టేస్తాయి. దీనికి తోడు ఎండెక్కాక వాలు వేడెక్కి లోయలోంచి గాలి పైకి లేస్తుంది. వేటగాళ్లు థర్మల్స్ అంటారు దాన్ని. అంటే పడుకున్న చోటికి కింద నుంచీ వాసన వస్తుంది, పైనుంచీ వస్తుంది. సాయంత్రం వాలు మీద నీడ పడిన కాసేపటికి ఇది తిరగబడుతుంది. గాలి చల్లబడి, బరువెక్కి, నీళ్లలా లోయలోకి జారుతుంది. ఫోన్‌లో వాతావరణ యాప్ వాయవ్య గాలి 8 మైళ్లు అని చూపిస్తూనే ఉంటుంది. లోయలో మాత్రం మన వాసన ఆగ్నేయానికి కాకుండా వాగు వెంబడి దక్షిణానికి పోతుంటుంది. మంచెలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే.

దీనికి మందు మిల్క్‌వీడ్ దూది. మన జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్కే. సెప్టెంబరు చివర్లో కాయలు కోసి డబ్బాలో పెట్టుకుంటే సీజనంతా సరిపోతుంది. పౌడరు సీసా నొక్కితే ఐదారు గజాల తర్వాత ఏం జరుగుతుందో కనిపించదు. జిల్లేడు దూది లాంటి ఆ పోగు వంద గజాల దాకా తేలుతూ, ఎక్కడ తిరిగిందో, ఎక్కడ సుడి తిరిగి వెనక్కొచ్చిందో చూపిస్తుంది. మంచె కట్టే ముందే, మనం కూర్చోబోయే గంటలోనే వదిలి చూడాలి. మధ్యాహ్నం చూసిన గాలి సాయంత్రానికి పనికిరాదు.

మరి గాలి పూర్తిగా మనకు అనుకూలమైన రోజునే కూర్చోవాలా? ముసలి బక్ విషయంలో అదే చిక్కు. మనకు పూర్తిగా అనుకూలమైన గాలి దానికి పూర్తిగా ప్రతికూలం. అలాంటి రోజున అది ఆ దారిన రానే రాదు. దానికి అనుకూలంగా ఉందనిపించే గాలి, మనకు అంచున తప్పే గాలి కావాలి. పడక నుంచి సోయాబీన్ చేను వైపు దిగే దారిలో గాలి దాని ముఖానికి ఏటవాలుగా తగులుతూ ఉండాలి. మన వాసన మాత్రం ఆ దారికి 20, 30 గజాల పక్కగా, అది ఎప్పుడూ నడవని చోటికి, నిటారు గండి మీదికో నీళ్ల మీదికో పోవాలి. గాలి 20 డిగ్రీలు తిరిగితే పని చెడుతుంది. అందుకే ఒక్కో బక్‌కు మూడు నాలుగు మంచెలుండాలి, ఒక్కోదానికీ ఏ గాలి పనికొస్తుందో రాసి ఉండాలి. గాలి మారితే దిగి వెళ్లిపోవాలి. ఇంకో అరగంట చూద్దాం అని ఆగడం వల్ల పోయినన్ని బక్‌లు గురి తప్పడం వల్ల పోవు.

(సభలోంచి ప్రశ్న: సార్, వాసన పోగొట్టే స్ప్రేలు, ప్రత్యేకమైన బట్టలు ఉన్నాయి కదా, అవి వాడితే ఈ గాలి గొడవ ఉండదు కదండీ?)

వాడండి, తప్పేం లేదు. వాసన లేని సబ్బు, రబ్బరు బూట్లు, పొలం చేరాక వేసుకునే బట్టలు, ఇవి వాసనను తగ్గిస్తాయి. పూర్తిగా పోగొట్టవు. మన వాసన గాలికి పోయే వైపు వచ్చిన ఆరేళ్ల బక్‌ను ఆ కాస్త తేడాతో మోసం చేయగలమని నేను అనుకోను. బట్టల గురించి ఒక్కమాట: మామూలు డిటర్జెంట్లలో తెల్లదనం మెరిపించే రసాయనాలుంటాయి. జింకల కళ్లకు నీలం, అతినీలలోహిత కాంతి బాగా తెలుస్తాయి, నారింజ రంగు అంతగా తెలియదు. అందుకే నీలం జీన్స్ కంటే నారింజ చొక్కా నయం. ఎటూ తుపాకీ సీజన్ నడిచే 9 రోజులూ విల్లు పట్టుకున్నవాళ్లు కూడా మెరిసే నారింజో గులాబీయో వేసుకోవాలి.

ఇప్పుడు కెమెరాలు. కదలిక పట్టి దానంతటదే ఫొటో తీసే ట్రెయిల్ కెమెరాను కంటి ఎత్తులో కట్టకుండా 8, 9 అడుగుల ఎత్తున కిందికి వంచి కట్టండి. ముసలి బక్‌లు కంటి ఎత్తున ఉన్నదాన్ని గమనిస్తాయి. ముఖం ఉత్తరానికి ఉంటే ఎండ లెన్స్‌లో పడదు. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు చలికి చతికిలబడతాయి, లిథియం పెట్టండి. గడియారం సరిగ్గా పెట్టకపోతే ఆ ఫొటోలన్నీ వృథా. ఎందుకంటే పగటిపూట బక్ కనిపించిన ప్రతి ఫొటోకూ ఆ గంటలో గాలి దిక్కు, ఉష్ణోగ్రత, ముందురోజుతో తేడా రాసుకోవాలి. రాత్రి ఫొటోలు వంద వచ్చినా అవి బతికే ఉందని చెబుతాయి తప్ప ఎక్కడ కూర్చోవాలో చెప్పవు. స్క్రేప్‌ల మీదికి, అంటే అది కాలితో గీకి మూత్రం పోసే చోట్లకు, ఎక్కువగా చీకట్లోనే వస్తుంది. రెండు మూడేళ్ల పగటి ఫొటోలు పక్కపక్కన పెడితే ఒక్కోసారి అదే బక్ ఏటా అదే గట్టు మీద, నవంబరులో అవే మూడు నాలుగు రోజుల్లో తిరిగినట్టు తేలుతుంది. ఒకే బక్ వెనక పడటంలో ఉన్న గొప్ప లాభం ఇది. కొత్త జింకను ఎంచుకున్నవాడికి ఈ లెక్క ఉండదు.

ఎప్పుడు కూర్చోవాలన్నదానికి నా లెక్క ఇదీ. అక్టోబరు చివర్లో చల్లటి గాలి దిగి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా 15, 20 ఫారన్‌హీట్ డిగ్రీలు పడిపోయిన మొదటి సాయంత్రం పడకకు దగ్గరి మంచె. నవంబరు మొదటి పది రోజులు ఎదకాలం ఊపందుకుంటుంది. బక్ ఆడ జింకల పడకల మీదుగా వచ్చే గాలికి వాలుగా తిరుగుతుంది. అప్పుడు పొద్దుటి నుంచి చీకటి దాకా, మధ్యాహ్నం కూడా దిగకుండా కూర్చోవాలి. తర్వాత ఎదకొచ్చిన ఆడ జింకతో ఒకటి రెండు రోజులు ఏ మూలో నిలబడిపోతుంది. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండండి. డిసెంబరుకు ఎదలో ఒంటి బరువు ఐదో వంతుకు పైగా పోగొట్టుకుని ఉంటుంది. గడ్డకట్టే చలిలో కోయకుండా మిగిలిన సోయాబీన్ చేను ఉంటే పొద్దుండగానే తిండికి రాక తప్పదు. ఎండాకాలం చివర కుట్టే మిడ్జ్ అనే చిన్న ఈగల వల్ల వచ్చే ఈహెచ్‌డీ జబ్బు, రోడ్డు మీది కార్లు, పక్క పొలం వేటగాడు, వీటిలో ఏదైనా మధ్యలో దాన్ని తీసుకుపోవచ్చు. దానికి సిద్ధపడే ఉండాలి.

మంచె దగ్గరికి వెళ్లే దారిని మంచె కంటే ముందు ఎంచుకోవాలి. మోకాలి లోతు వాగు ఉంటే అదే దారి. నీళ్లలో వాసన నిలవదు, చప్పుడు నీటి చప్పుడులో కలిసిపోతుంది. దిగేటప్పుడు చేలో జింకలుంటే దిగకండి. రైతునో స్నేహితుణ్నో ట్రక్కు తీసుకుని చేలోకి రమ్మనండి. ట్రాక్టరుకూ ట్రక్కుకూ అవి అలవాటుపడి ఉంటాయి, కాస్త పక్కకు పోతాయి, అంతే. ఆ సందులో దిగొచ్చు.

మంచె 18 నుంచి 20 అడుగుల ఎత్తు చాలు. నేల మీద కాలు లేచిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేదాకా శరీరానికి హార్నెస్ (రక్షణ పట్టీలు), చెట్టుకు లైఫ్‌లైన్ అనే తాడు, దాని మీద పడితే బిగుసుకునే ప్రూసిక్ ముడి ఉండాలి. కూర్చున్నాక తగిలించుకుంటాం అనేవాళ్లు ఎక్కుతూ దిగుతూ పడతారు. పడి హార్నెస్‌లో వేలాడితే తొడల దగ్గర రక్తం నిలిచిపోతుంది, కాలు పెట్టి నిలబడే రిలీఫ్ పట్టీ జేబులో ఉండాలి. ఏడాదంతా చెట్టుకు వదిలేసిన పట్టీలను ఉడతలు కొరుకుతాయి, ఎండ తినేస్తుంది, చెట్టు లావెక్కి బిగదీస్తుంది. ఏటా మార్చండి. విల్లును తాడుతో పైకి లాగండి, చేత్తో పట్టుకుని ఎక్కొద్దు.

విల్లు. ఇప్పటి కాంపౌండ్ విల్లుకు, అంటే చివర్లలో చక్రాలున్న విల్లుకు, 60 పౌండ్లు ధారాళంగా సరిపోతాయి. పరీక్ష ఏమిటంటే, కుర్చీలో కూర్చుని, చలికోటు వేసుకుని, విల్లును ఆకాశం వైపు ఎత్తకుండా తిన్నగా లాగగలగాలి. 20 ఫారన్‌హీట్ డిగ్రీల చలిలో నాలుగు గంటలు కదలకుండా కూర్చున్నాక కండరాలు బిగుసుకుపోతాయి. ఆగస్టులో తేలిగ్గా లాగిన 70 పౌండ్లు అప్పుడు రావు. ఎత్తి లాగితే బక్ ఆ కదలిక చూస్తుంది. బాణం బరువు 425 నుంచి 475 గ్రెయిన్లు (సుమారు 28 నుంచి 31 గ్రాములు), కదలని బ్లేడ్ల మొన. ప్రాక్టీసు మొనలూ వేట మొనలూ 30 గజాల దగ్గర ఒకేచోట పడాలి. వేట మొన ఎడమకు పడుతుంటే బాణం ఆనే రెస్ట్‌ను కుడికి, అంగుళంలో ముప్పై రెండో వంతు చొప్పున జరపండి. గురి చూసే సైట్‌ను ముట్టుకోవద్దు.

దూరం గురించి కాస్త లెక్క వేద్దాం, ఎందుకంటే ఇక్కడ గాయపడి తప్పిపోయే జింకలు చాలా. బాణం సెకనుకు 270 అడుగులు పోతుందనుకోండి. ధ్వని సుమారు 1,100 అడుగులు పోతుంది. విల్లు చప్పుడు బాణం కంటే ముందే జింకకు చేరుతుంది. అది పారిపోవడానికి ముందు కాళ్లు మడిచి కిందికి కుంగుతుంది, స్ప్రింగులా ఎగరడానికి. విని తేరుకోవడానికి సెకనులో పదో వంతు పోయిందనుకున్నా, 20 గజాల దగ్గర బాణం వచ్చేలోగా ఒక అంగుళం కూడా కుంగలేదు. 30 గజాల దగ్గర నాలుగు అంగుళాల పైచిలుకు కుంగుతుంది. 40 దగ్గర పది అంగుళాలు. పది అంగుళాలంటే గుండెకు పెట్టిన గురి వెన్ను మీదుగా పోయినట్టే. కాబట్టి చెవులు నిక్కబొడిచి ఉన్న ముసలి బక్ మీద 30 గజాలు దాటి బాణం వేయకూడదని నా గట్టి అభిప్రాయం. అట్టల మీద 60 గజాల్లో ఎంత బాగా కొట్టినా సరే. 25 దాటితే గురి ఊపిరితిత్తుల మధ్యకు కాక గుండె మీదికి, ఒంటి కింది మూడో వంతుకు దించండి. అది కుంగితే ఊపిరితిత్తులకు తగులుతుంది, కుంగకపోతే గుండెకు.

పక్కకు తిరిగి ఉన్నప్పుడు గానీ, కొద్దిగా అటువైపు తిరిగి ఉన్నప్పుడు గానీ వేయండి. ఎదురుగా మన వైపు వస్తుంటే భుజం ఎముక అడ్డం, ఆగండి. ఎత్తు మీంచి వేసేటప్పుడు బాణం ఎక్కడ దిగుతుందో కాక ఎక్కడ బయటికి వస్తుందో చూసుకోండి. అవతలి ముందు కాలు గుర్తు పెట్టుకోవాలి. మరీ దగ్గరగా, నిట్టనిలువుగా వేస్తే ఒక ఊపిరితిత్తే తగులుతుంది, ఒక దానితో జింక మైళ్లు పోతుంది. చేతులు దించకుండా నడుము దగ్గర వంగి గురి పెట్టండి.

బాణం వదిలాక అది ఏ చెట్టు దగ్గర కనుమరుగైందో చూసి, కదలకుండా కూర్చోండి. దిగి బాణం చూడండి. గులాబీ రంగు నురుగు నెత్తురైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లొచ్చు. ముదురు మెరూన్ రంగైతే కాలేయం, నాలుగైదు గంటలు. పచ్చటి మరక, పేడ వాసన వస్తే పొట్ట. అప్పుడు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. చీకటి పడిందనో వాన వచ్చేలా ఉందనో తొందరపడి వెంటపడితే పడుకున్న జింక లేచి, నెత్తురు చుక్క పడకుండా పక్క కొండ దాటుతుంది. జాడ తప్పితే పగ్గం కట్టిన కుక్కతో వెతికేవాళ్లున్నారు, వాళ్లను పిలవండి. కానీ నలుగురు కలిసి ఆకులు తొక్కేయక ముందే పిలవండి.

దొరికాక తర్వాతి రోజు సాయంత్రం 5 గంటల్లోగా డీఎన్‌ఆర్ వారి గేమ్‌రెగ్‌లో నమోదు చేయాలి. బయట 40 ఫారన్‌హీట్ డిగ్రీలు దాటి ఉంటే వెంటనే పేగులు తీసి, లోపల మంచు సంచులు పెట్టండి. నైరుతి విస్కాన్సిన్‌లో సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే జింకల జబ్బు ఉంది, రాష్ట్రంలో మొదట 2002లో బయటపడింది. మెదడునూ నరాలనూ తినేసే జబ్బు అది, ప్రియాన్ అనే చెడిపోయిన ప్రోటీన్ వల్ల వస్తుంది, వండినా అది పోదు. ముసలి బక్‌లలో చిన్నవాటి కంటే ఎక్కువగా కనిపిస్తుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి, వెన్నెముకను రంపంతో కోయకండి, ఎముక నుంచి మాంసం ఒలవండి. మెడ దగ్గరి లింఫ్ గ్రంథుల నమూనా కోసం తలను డీఎన్‌ఆర్ డబ్బాలో వేస్తే పరీక్ష ఉచితం. కొమ్ములు ఉంచుకోవాలంటే ముందే వాటిని కోసి తీసుకోవచ్చు. మాంసం పొట్లాల మీద ఆ జింక నమూనా నంబరు రాసి ఫ్రీజర్‌లో విడిగా పెట్టండి. ఫలితం వచ్చేదాకా ఒక్క పొట్లం కూడా విప్పొద్దు, ఎవరికీ పంచొద్దు. పాజిటివ్ వస్తే మొత్తం పారేయాలి, ఎలా పారేయాలో డీఎన్‌ఆర్ వాళ్లే చెబుతారు.

ఇంకేమైనా ప్రశ్నలుంటే అడగండి.